రానివాళ్ళ పుస్తకం

కాగితాల ప్రకారం ఆ ఊళ్ళో పదకొండేళ్ళుగా నిప్పు అంటుకోలేదు. ఏటా ఎండాకాలం చివర పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చేది, 'మీ ఊరి పరిధిలో కార్చిచ్చు ఘటనలు ఎన్ని?' అని. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు సర్దుకుని 'లేవు' అని రాసి, సంతకం పెట్టి, దాని మీద ముద్ర గుద్ది పంపేవారు. కొన్నాళ్ళకి బంగారు రంగు అంచుతో 'సురక్షిత గ్రామం' అని ఒక ప్రశంసాపత్రం వచ్చేది. అలాంటివి పదకొండు, ఫ్రేములు కట్టించుకుని ఊరి ఆఫీసు గోడ మీద కాస్త వంకరగా వేలాడుతున్నాయి.

అసలు సంగతేమిటంటే, ఊరి వెనక కొండ ఏటా రెండుసార్లయినా తగలబడుతూనే ఉంది. మోకాలెత్తు గడ్డి ఎండి ఉంటుంది, ఎవడో సిగరెట్టు ముక్క పారేస్తాడు, ఇంకేముంది. ఊరివాళ్ళు పరిగెత్తుకెళ్ళి పచ్చి కొమ్మలతో, తడి గోనెసంచులతో బాది ఆర్పేసి, మొహాలు కడుక్కుని టీ తాగేవాళ్ళు. "ఆర్పేశాక ఇంక ఉందని రాయడమెందుకు? పిల్లాడు పడి, లేచి, ఆడుకుంటుంటే పక్కింటికి కబురు పెడతామా?" అనేవారు ప్రెసిడెంటు గారు. వినడానికి బాగానే ఉండేది.

ఆ ఊరి టైలరుకి మాత్రం పోయిన ఏడాది నుంచి ఆ మాట వినబుద్ధి కావడం లేదు. ఆయన కొట్టు బస్సు ఆగే చోట ఉన్నా, ఇల్లు పై వీధిలో ఆఖరిది. ఇంటి వెనక గోడ, ఆ తర్వాత నాలుగడుగుల సందు, ఆ తర్వాత కొండ గడ్డి. ఆయన భార్యకి మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మంచం నుంచి కిటికీ దగ్గర కుర్చీ దాకా, కుర్చీ నుంచి వంటింటి దాకా, అంతే ఆవిడ ప్రయాణం. కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతూ, వచ్చేపోయేవాళ్ళకి సలహాలిస్తుంది. పోయిన ఎండాకాలం మంట ఆ సందు దాకా వచ్చింది. నలుగురు మగవాళ్ళు ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తుకుని బడి దాకా మోసుకెళ్ళారు. ఆ తర్వాత ఆవిడ ఒకటే మాట అంది. "ఇంకోసారి నన్నలా మొయ్యనివ్వను. కాలితే కాలతాను గానీ ఊరేగింపు మాత్రం వద్దు." నవ్వుతూనే అంది. టైలరుకి నవ్వు రాలేదు.

మళ్ళీ ఎండాకాలానికి నాలుగు నెలలుంది. పై వీధికో నీళ్ళ ట్యాంకు, దానికో మోటారు, పొడవాటి గొట్టాలు, ఊరి చుట్టూ గడ్డి చెక్కేసిన వెడల్పాటి బాట ఉంటే మంట ఇళ్ళ దాకా రాదు. అంత ఖర్చు ఊరివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇక చాలనుకుని టైలరు తన మేనకోడలికి ఫోన్ చేశాడు.

మేనకోడలు పట్నంలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తుంది. రెండు గదులు, మూడు బల్లలు, రోజుకి పదిసార్లు కాగితం మింగేసే ఒక ప్రింటరు. పల్లెటూళ్ళకి రావలసిన సాయాలకి దరఖాస్తులు రాసిపెట్టడం వాళ్ళ పని. సోమవారం పొద్దున బస్సు దిగి, నేరుగా పై వీధికి ఎక్కొచ్చి, అత్తయ్య పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి ఒక ఫారం తీసింది.

"కార్చిచ్చు ముందుజాగ్రత్త సాయం. నలభై మూడు ప్రశ్నలు. గడువు పన్నెండు రోజులు."

"నలభై మూడా? పెళ్ళికి ముందు మీ మావయ్య నన్ను ఒక్కటే అడిగారమ్మా, కాజా కుట్టడం వచ్చా అని," అంది అత్తయ్య.

"అందుకే అత్తయ్యా, ఇంకా కుడుతున్నావు. సరే, తొమ్మిదో ప్రశ్న. ప్రమాదం వస్తే వేగంగా నడవలేనివాళ్ళు ఈ వీధిలో ఎంతమంది?"

"నన్నొకటి వేసుకో. ఎదురింటి పెద్దాయన్ని అర వేసుకో. అన్నానికి పిలిస్తే పరిగెత్తుతాడు."

పదహారు ప్రశ్నల దాకా బండి అలా సాఫీగా నడిచింది. పదిహేడో ప్రశ్న దగ్గర మేనకోడలు కలం ఆగిపోయింది. 'గత పదేళ్ళలో జరిగిన కార్చిచ్చు ఘటనలు, తేదీలతో సహా, రికార్డుల ప్రకారం.' టైలరు గొంతు సవరించుకుని ప్రెసిడెంటు గారి పదకొండు కాగితాల సంగతి చెప్పాడు.

"అంటే రికార్డులో సున్నా," అంది మేనకోడలు. "మావయ్యా, నిప్పే అంటుకోని ఊరికి నీళ్ళ ట్యాంకు ఎవరిస్తారు? మిగతా ప్రశ్నలు కూడా చదవరు. పక్కన పడేస్తారు."

మర్నాడు ఇద్దరూ ఊరంతా తిరిగారు. మంటలు ఎప్పుడెప్పుడు వచ్చాయో చెప్పమంటే అందరికీ బ్రహ్మాండంగా గుర్తుంది, తేదీ ఒక్కటే గుర్తులేదు. పాలాయన తన గేదె రెండోసారి ఈనిన ఏడాది అన్నాడు. మంగలి తన కొత్త అద్దం పగిలిన ఏడాది అన్నాడు. ఆ రెండూ ఒకే ఏడాదా కాదా అని వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే మేనకోడలు పుస్తకం మూసేసింది. జ్ఞాపకాలకి ముద్ర ఉండదు మరి.

బుధవారం పొద్దున అత్తయ్య సూదిలోకి దారం ఎక్కిస్తూ, "రానివాళ్ళ పుస్తకం ఉందిగా," అంది.

టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు.

ఆ పుస్తకం సంగతి కొంచెం చెప్పుకోవాలి. టైలరు కొట్టు ముందు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. కొండ మీద పొగ కనిపిస్తే దాన్ని సుత్తితో కొట్టడం టైలరు పని, ఎందుకంటే పొద్దస్తమానం రోడ్డు మీదకి చూస్తూ కూర్చునేది ఆయనే. పట్టా మోగితే ఇంటికొక మనిషి రావాలి. రాని ఇంటి పేరు టైలరు తన కొలతల పుస్తకంలో వెనక పేజీల్లో రాస్తాడు, ఫలానా తేదీ, పట్టా మోగిన వేళ, రానివాళ్ళు ఫలానా ఫలానా అని. పేరెక్కినవాడు కింద బోరింగు నుంచి నలభై బకెట్ల నీళ్ళు మోసి పై వీధి చివర డ్రమ్ముల్లో పొయ్యాలి. పోశాక పేరు కొట్టేస్తారు. ఊళ్ళో దేన్నుంచైనా తప్పించుకోవచ్చు గానీ ఆ పుస్తకం నుంచి తప్పించుకోలేం అని అందరూ అనేవాళ్ళు. వచ్చినవాళ్ళకి పొగడ్త లేదు, రానివాళ్ళకి మాత్రం పేరు దక్కేది.

"అవి ఇంకెక్కడున్నాయి," అన్నాడు టైలరు. "ఎలుకలు కొట్టేశాయి."

"అటక మీదకి ఎలుకలు ఎక్కలేదు, మీరెక్కారు. నిన్న సాయంత్రం," అంది భార్య తలెత్తకుండానే.

ఎక్కిన మాట నిజమే. ఆరు పుస్తకాలూ పాత లైనింగు గుడ్డలో చుట్టి అటక మూలకి తోసింది ఆయనే. దానికో కారణం ఉంది, అది ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. పోయిన ఎండాకాలం మంట వచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేడు. లైనింగు గుడ్డ కొనడానికి పట్నం వెళ్ళాడు. రెండు గంటల బస్సుకి రావలసినవాడు, ఒక షాపులో కొత్త కరెంటు మిషను చూస్తూ నిలబడిపోయాడు. కొనే ఉద్దేశమేమీ లేదు, ఊరికే చూశాడు. బస్సు పోయింది. ఆ రోజు పట్టా ఇంకెవరో కొట్టారు. సాయంత్రం ఆయన దిగేసరికి భార్య బడి ముందు అదే కుర్చీలో, మొహమంతా మసితో కూర్చుని ఉంది. ఆ రాత్రే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పుస్తకంలో రానివాళ్ళ పేర్లు ముగ్గురివి రాశాడు. నాలుగోది రాయలేదు. రాసేవాణ్ణి ఎవరడుగుతారు? ఎవరూ అడగలేదు. భార్య కూడా అడగలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధ.

అయినా నిచ్చెన వేసుకుని పుస్తకాలు దించాడు. మేనకోడలు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే ఆమె మొహం వెలిగిపోయింది. ముందు పేజీల్లో ఛాతీ, నడుము, చేతి పొడవు, బట్టలివ్వాల్సిన తేదీ. వెనక పేజీల్లో మంటలు. పదకొండేళ్ళలో ఇరవై మూడు. "నా ఉద్యోగంలో ఇంత మంచి రుజువు చూడలేదు మావయ్యా," అంది. ఆఖరి పుస్తకం ఆమె చేతిలోకి వెళ్ళేసరికి టైలరు టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ పుస్తకం మూసి ఉంది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని టీ అందుకున్నారు.

ఇక మిగిలింది ప్రెసిడెంటు గారి ముద్ర. పాత కాగితాల్లో 'లేవు' అని రాయడం పొరపాటని, ఈ పుస్తకంలో ఉన్నదే నిజమని ఆయన ఒక ఉత్తరం రాసి ముద్ర వేస్తే తప్ప దరఖాస్తు కదలదు.

ప్రెసిడెంటు గారు మంచివారే. భారీ మనిషి, భారీ కుర్చీ. ఉత్తరం మొదటి వాక్యం విని గోడ మీద పత్రాల వైపు చూశారు, రెండో వాక్యం విని పుస్తకాల వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "అందులో ఎవరెవరి పేర్లున్నాయి?" అన్నారు.

"మీది తొమ్మిదిసార్లుందండి," అంది మేనకోడలు. "ఒక్కసారీ కొట్టెయ్యలేదు."

లెక్క వేస్తే మూడొందల అరవై బకెట్లు. ప్రెసిడెంటు గారి మొహం ఎర్రబడింది. "ఈ పుస్తకం పై ఆఫీసుకి పంపి, నేను అబద్ధాలకోరునని, పైగా బద్ధకస్తుణ్ణని నా చేతే ముద్ర వేయించుకుంటారా? ఆ పత్రాలు వెనక్కి పట్టుకుపోతే ఊరి పరువేం కావాలి?"

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు," అంది మేనకోడలు. ఆమెకి నోరు కాస్త ఎక్కువే, అది వాళ్ళ అమ్మ పోలిక.

ప్రెసిడెంటు గారు ఆమెను వదిలేసి టైలరు మీదకి తిరిగారు. "రాసేవాడికేమయ్యా, రాస్తాడు. ఆరు పుస్తకాల్లో నీ పేరు ఎక్కడైనా ఉందా? పదకొండేళ్ళలో నువ్వొక్కసారీ తప్పలేదా? అందరం వెధవలం, నువ్వొక్కడివే నిప్పులాంటి మనిషివా?"

టైలరు లేదని చెప్పి తలవంచుకుని వచ్చెయ్యొచ్చు. ముద్ర పడదు, గడువు దాటిపోతుంది, నాలుగు నెలల్లో గడ్డి ఎండుతుంది. కిటికీ దగ్గర కాజాలు కుట్టుకునే మనిషి నవ్వుతూ అన్న మాట ఆయనకి గుర్తొచ్చింది. జేబులోంచి కలం తీసి, ఆఖరి పుస్తకం తెరిచి, పోయిన ఎండాకాలం పేజీ వెతికాడు. ప్రెసిడెంటు గారి ఎదురుగానే తన పేరు రాద్దామని.

రాయడానికి చోటు లేదు. ముగ్గురి పేర్ల కింద నాలుగో పేరు అప్పటికే ఉంది. గుండ్రటి అక్షరాలు, నీలం సిరా, నెలల తరబడి పాతబడి వెలిసిన సిరా. 'టైలరు. పట్నంలో ఉండిపోయారు. 40.'

ఆ రాత ఆయనకి తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా 'కాజాలు అయినవి' అని పుస్తకంలో రాస్తున్న రాతే. ప్రెసిడెంటు గారు మెడ చాచి చదివారు.

"నీ పేరు నువ్వే రాసుకున్నావన్నమాట," అన్నారు, కొంచెం తగ్గి.

"లేదండి. ఇది మా ఆవిడ రాసింది. నేను రాయలేదు. ఆ రోజు కరెంటు మిషను చూస్తూ బస్సు తప్పాను. వచ్చి మిగతావాళ్ళ పేర్లు రాసి నాది దాచుకున్నాను."

ప్రెసిడెంటు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఆ రోజు నేను వచ్చానయ్యా. మీ ఆవిడ కుర్చీ ఎడమ వైపు ముందుకాలు పట్టుకున్నది నేనే. నెల్లాళ్ళు నడుము పట్టేసింది." గొంతు తగ్గించి అన్నారు. "దారి పొడుగునా ఆవిడ బస్సొచ్చే వైపే చూసింది. నాకు అప్పుడు అర్థం కాలేదు."

ప్రెసిడెంటు గారు సొరుగు లాగి ముద్ర తీశారు. ఉత్తరంలో 'పొరపాటున' అనే మాట ఆయనే కొట్టేసి, 'గొప్పకి పోయి' అని రాయించి, దాని మీద గట్టిగా గుద్దారు.

ఇంటికొచ్చేసరికి భార్య కిటికీ దగ్గరే ఉంది. టైలరు గుమ్మంలో నిలబడి, "ఎప్పుడు రాశావు?" అని అడిగాడు.

"ఆ వారమే. కాజాలు అయినవని రాయడానికి తీస్తే ఆ పేజీ కనపడింది. ముగ్గురే ఉన్నారు. రానివాళ్ళు నలుగురు కదా."

"ఒక్కమాట అనొచ్చు కదా నన్ను."

"అంటే ఏముంది, ఆ పూటతో అయిపోయేది. మీరు రెండు మాటలు, నేను నాలుగు మాటలు." దారం పళ్ళతో తెంపింది. "భయమేసిందండీ ఆ రోజు. మంటకి కాదు. మీరు లేకుండా పోతానేమోనని. అది మీతో చెప్పడం చేతకాక పుస్తకంలో రాశాను."

ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ కుడుతున్న చొక్కా చెయ్యి ఒకటి పట్టుకున్నాడు. "వదలండి, నలుగుతుంది," అంది ఆవిడ, కానీ లాక్కోలేదు.

దరఖాస్తు గడువుకి రెండు రోజుల ముందే వెళ్ళింది. మూడు వారాలకి తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, మాట పొదుపుగా ఉండే మనిషి. ఆయన సంచి పట్టీ తెగిపోయి పిన్నీసుతో వేలాడుతోంది. టైలరుకి అది చూసి ప్రాణం ఒప్పలేదు. అధికారి కొట్టులో కూర్చుని పుస్తకాలు తిరగేస్తున్నంతసేపూ ఈయన ఆ పట్టీ మిషను మీద పెట్టి రెండు వరసలు కుట్టేశాడు.

"మా దగ్గర సున్నా. ఇక్కడ ఇరవై మూడు," అన్నాడు అధికారి.

"మా గొప్పండి," అన్నారు ప్రెసిడెంటు గారు, ఉత్తరం చూపించి.

అధికారి తన ఫైలు తీసి చూసుకున్నాడు. ఇదే కొండకి అవతలున్న పక్క ఊరివాళ్ళు తమ మంటల గురించి పంపిన కాగితాల్లో ఉన్న నాలుగు తేదీలూ ఈ పుస్తకంలో కూడా ఉన్నాయి. తర్వాత ముందు పేజీలు కూడా చదివాడు, ఎందుకో మరి. ప్రెసిడెంటు గారి నడుము ఏడాదికో అంగుళం చొప్పున పెరిగిన వైనం చూసి మొదటిసారి నవ్వాడు. "ఇవి కల్పించి రాసినవి కావు," అని ఫారం మీద ఏదో గీసుకుని, బాగైన పట్టీ భుజానికి తగిలించుకుని బస్సెక్కాడు.

సాయం మంజూరైంది. పత్రాలు ఎవరూ వెనక్కి అడగలేదు; ప్రెసిడెంటు గారే దింపేశారు. గోడ మీద పదకొండు తెల్లటి చతురస్రాలు మిగిలితే, వాటి మీద మేనకోడలు ఊరి పటం అంటించింది. గడ్డి చెక్కాల్సిన బాట అందులో ఎర్రగీత. నెల తిరక్కుండా ఊరంతా కలిసి ఆ బాట తీశారు. ట్యాంకు లారీ మీద వచ్చి, పై వీధి చివర, టైలరు ఇంటికి ఇరవై అడుగుల దూరంలో దిమ్మ మీద కూర్చుంది.

మోటారు బిగించిన రోజు ప్రెసిడెంటు గారు ఒక ప్రకటన చేశారు. మోటారు వేసే ముందు పుస్తకంలో కొట్టెయ్యని పేర్లవాళ్ళు తమ బకెట్లు ట్యాంకులో పొయ్యాలి, మొదట తనే మొదలుపెడతానని. మొదలుపెట్టారు. ముప్ఫై ఒకటో బకెట్టుకి రాయి మీద కూలబడి, మిగతావి విడతలవారీగా అన్నారు. ఎవరూ కాదనలేదు.

తర్వాత టైలరు వంతు. భార్య అప్పటికి గుమ్మం దాటింది. మేనకోడలి భుజం పట్టుకుని, ఆ ఇరవై అడుగులూ తన కాళ్ళ మీదే నడిచి వచ్చి, ట్యాంకు పక్కన వేసిన కుర్చీలో కూర్చుంది. అదే కుర్చీ. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పాతికకి ఆయన చొక్కా తడిసిపోయింది. ముప్ఫైకి టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ముప్ఫై ఎనిమిదో బకెట్టు పోశాక ఆవిడ, "నలభై," అంది.

"ఇంకా రెండున్నాయి."

"లెక్క నా దగ్గరుంది."

"ఉన్నా సరే," అన్నాడు ఆయన. కిందకి దిగి, మిగతా రెండూ మోసుకొచ్చి పోశాడు. అప్పుడు ఆవిడ చెక్క స్కేలు పెట్టి, ఆ పేరు మీద తిన్నగా ఒక గీత గీసింది. గీశాక ఇద్దరికీ కళ్ళు చెమ్మగిల్లాయి, చూసినవాళ్ళు పొగ కూడా లేదుగా అనుకున్నారు.

"ఇంక నేను పట్నం వెళ్ళను," అన్నాడు టైలరు ఆవిడ పక్కన నేల మీద కూర్చుని.

"లైనింగు గుడ్డ ఎవరు తెస్తారు మరి?" అంటూ ఆవిడ టేపు తీసి మళ్ళీ ఆయన మెడలో వేసింది. "వెళ్ళండి. రెండు గంటల బస్సుకి వచ్చెయ్యండి, చాలు."